హాజరుపట్టీలో ఒడియా పేర్లు

నిన్న పెద్దపల్లి దగ్గర ఒక సర్కారు బడికి నోటుపుస్తకాలు ఇవ్వడానికి వెళ్ళాను. రెండో తరగతిలో టీచరమ్మ హాజరు వేస్తున్నారు.
పిలిచిన పేర్లలో చాలావరకు ఒడియా పేర్లే.

ఒక పాప "వచ్చిన టీచర్" అని చక్కగా తెలుగులో పలికి, వెంటనే పక్కనున్న తమ్ముడికి ఒడియాలో ఏదో చెప్పింది. ఎంత ముద్దొచ్చిందో!

వీళ్ళ అమ్మానాన్నలది ఇటుక బట్టీల పని. ఒడిశాలోని బలంగీర్, నువాపడా వైపు నుంచి, నువాఖాయ్ పండగ దాటాక అడ్వాన్సు తీసుకుని వస్తారు. మళ్ళీ వానలు పడేదాకా ఇక్కడే.
అంటే ఆ పిల్లలకు అక్కడి చదువు మధ్యలో తెగుతుంది. ఇక్కడి చదువు మధ్యలో మొదలవుతుంది.

మరి ఊళ్ళో మిగతా పిల్లలు?
పొద్దున్నే ప్రైవేటు బడి బస్సెక్కి వెళ్ళిపోతున్నారు. ఫీజు కట్టలేని ఇళ్ళవాళ్ళు, బట్టీల పిల్లలు మిగిలారు.
కాస్త కలిగినవాళ్ళతో పాటు, బడి కోసం గట్టిగా అడిగే గొంతులూ వెళ్ళిపోయాయి. నల్లా రాకపోతే ఎంఈఓ దగ్గరికి ఎవరు పోతారు? బట్టీలో కూలి మానుకుని ఆ పాప తల్లి పోగలదా?

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదని, వయసు కాగితం లేదని ఏ పిల్లనీ బడి నుంచి వెనక్కి పంపకూడదు. ఈ మాట బట్టీల దాకా చేరాలి. చేర్చాల్సింది మనమే.

మీ ఊరి బట్టీల పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు? అసలు వెళ్తున్నారా?
ఒడియా చదివించగలిగిన వాళ్ళెవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. వారానికి ఒక గంటైనా చాలు.