బాటలో నేమఱుపాటు

ఇల్లు చూచుకొను మనకు బాటతో నేమి పని యని కొందఱు సోదరీమణు లనవచ్చును. నేనును ఒకప్పు డట్లే తలచితిని. బండి నడుపువాడు జాగరూకుడై యుండిన చాలునని నా నమ్మకము. ఇంట గూర్చుండియే బాటలో నున్నవారికి కీడు చేయవచ్చునని నాకు దెలిసినది మా పెద్దవాని మూలమున.

మాది పుంగనూరు. మాకు గొంత టమోటా తోట కలదు. కాపు కాలమున మా పెద్దవాడు తెల్లవాఱకమునుపే కాయలను మినీలారీలో మదనపల్లె మార్కెట్టునకు బంపి, తాను మోటారు సైకిలుపై వెంట బోయి, వేలము ముగిసిన పిదప నింటికి వచ్చును. వాడు గడప దాటినది మొదలు తిరిగి వచ్చువఱకు ఫోను నా చేతిలోనే యుండెడిది. "ఎంతవఱకు వచ్చితివి నాయనా?" యని యడుగనిదే నాకు దోచెడిది కాదు. అది ప్రేమ యనియే నే ననుకొనుచుంటిని.

ఒకనాడు మధ్యాహ్నము దాటినను వాడు రాలేదు. వడ్డించిన యన్నము చల్లాఱినది. ఒకసారి పిలిచితిని, పలుకలేదు. వెంటనే మరల బిలిచితిని. మూడవసారి గంట మ్రోగి మ్రోగి నడుమనే యాగిపోయెను. అర్ధగంట గడచునప్పటికి ఎవరో బాటసారి మావారికి ఫోను చేసి కబురు చెప్పెను.

మేము పోవునప్పటికి ఆసుపత్రిలో వాని మణికట్టునకు గట్టు గట్టుచుండిరి. ఎముక విఱిగినది. హెల్మెట్టు ఒక ప్రక్క చితికిపోయినది గాని తల దక్కినది. "ఎవడు గ్రుద్దినాడు నాయనా?" యని యేడ్చితిని. వాడు బదులు చెప్పలేదు. మంచముపై నున్న వాని ఫోనును దీసి చూచితిని. పగిలిన యద్దముమీద "అమ్మ" యను పేరు, మూడు పిలుపులు! అప్పుడు వాడు మెల్లగా, "వెంటవెంట మూడుమార్లు పిలిచితివి గదా, ఇంట నేమైనా జరిగెనేమో యనుకొంటినమ్మా. జేబులోనుండి దీసి చూచునంతలో చింతచెట్ల చాటునుండి దూడ యడ్డము వచ్చెను" అనెను. వాడు నన్ను నిందింపలేదు. నిందించియుండిన నాకు గొంత శాంతి కలిగెడిదేమో!

ఆ రాత్రి నేను లెక్క వేసికొంటిని. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవు బండి యొక్క సెకనులో నించుమించు 17 మీటర్లు పోవును. ఫోను దీసి, పేరు చూచి, మరల బాటవైపు చూపు త్రిప్పుటకు 2 సెకన్లే పట్టెననుకొందము. ఆలోపల బండి 33 మీటర్లు, అనగా మన వీధిలో నైదాఱిండ్ల పొడవు, గ్రుడ్డిగా బోవును. చేత బట్టక చెవికి దగిలించుకొని మాటాడిన దోషము లేదని కొంద ఱందురు. అది సరికాదు. కన్ను బాటపై నున్నను మనస్సు మాటపై నుండిన, చూచియు జూడనివార మగుదుము.

మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణచే, బండి నడుపుచు చేతిఫోను వాడుట ప్రమాదకరముగ నడుపుటలో జేర్పబడినది. మొదటి తప్పునకే 1,000 మొదలు 5,000 రూపాయలవఱకు జరిమానా గాని, 6 నెలలు మొదలు ఏడాదివఱకు జైలుశిక్ష గాని, రెండును గాని విధింపవచ్చును. కాని చట్టము పట్టునది నడుపువానిని; ఇంటినుండి పిలిచినవారిని గాదు. మనలను మనమే పట్టుకొనవలెను.

వాని చేయి బాగుపడిన పిదప మా చిన్నదానిని జూడ గుప్పమునకు బయలుదేరితిమి. ఆమె యచటి ద్రావిడ విశ్వవిద్యాలయమున జదువుచున్నది. కారు నడుపువాడు పెద్దవాడే. వాని ఫోనును బయలుదేరునప్పుడే నా సంచిలో వేసికొంటిని. పలమనేరు దాటిన పిమ్మట బాట కొంతమేర కౌండిన్య అభయారణ్యపు టడవుల చెంతనుండి పోవును. 1990లో నేర్పడిన యా యభయారణ్యమున నేనుగులు కలవు. అవి యొక్కొక్కప్పుడు బాట దాటును. అట్టిచోట సంచిలో ఫోను మ్రోగెను. వాని చేయి యలవాటున నిటు కదలి, అంతలో తమాయించుకొని చక్రమునే పట్టుకొనెను. నేను దీసి చూచితిని. మా చిన్నది! "అమ్మా, ఎంతవఱకు వచ్చితిరి?" నా ప్రశ్నయే నాకు వినబడెను. "చేరి చెప్పెదనమ్మా" యని ముగించితిని.

ఇప్పుడు మా యింట నొక కట్టుబాటు కలదు. బయలుదేరునప్పు డొకమాట, చేరినపిమ్మట నొకమాట. నడుమ బిలుపు లేదు. నడుపువాని ఫోను మ్రోగకుండ నుంచి సంచిలో బెట్టుదుము. టీ యంగడికడ నాగినప్పుడు చూచుకొనును. వెనుక గూర్చుండు మనమును కొంగు నడుమునకు బిగించుకొని, అటు చూడు మిటు చూడు మనక, ఇంటి జగడములను బాటలో దవ్వక యుండవలెను.

ఈ కట్టుబాటు చెప్పుట సులభము, నడపుట కష్టము. వేళ మించినప్పుడు నా చేయి నేటికిని ఫోనువైపు బోవును. అప్పుడు దానిని బీరువాలో బెట్టి, చింతపండు గింజలు దీయ గూర్చుందును. వాకిట బండి చప్పుడు వినబడిన పిదప లేచి యన్నము వడ్డింతును.