పైకి వెళ్లే బాణం

2007 జనవరిలో విండోస్ విస్టా బజారులోకి వచ్చినప్పుడు ఫైళ్లు చూసుకునే ఎక్స్‌ప్లోరర్‌లోంచి ఒక బటన్ మాయమైంది. పసుపుపచ్చ ఫోల్డర్ బొమ్మ, దాని మీద ఆకుపచ్చ బాణం. విండోస్ ఎక్స్‌పీ వాడినవాళ్లందరికీ ఆ బొమ్మ ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఏ ఫోల్డర్లో ఉన్నా సరే, దాన్ని ఒకసారి నొక్కితే దాని పై ఫోల్డర్లోకి వెళ్లేవాళ్లం. ఇంకోసారి నొక్కితే ఇంకో మెట్టు పైకి.

దాన్ని తీసేసినవాళ్లు ఊరికే తీసేయలేదు. అడ్రస్ బార్‌లో దారి మొత్తం ముక్కలుగా కనిపించే ఏర్పాటు చేశారు. ఏ ముక్క మీద నొక్కితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. నాలుగు మెట్లు పైకి పోవాలంటే నాలుగుసార్లు నొక్కే పని తప్పింది. అది మంచి ఆలోచనే, నేనూ వాడుతూనే ఉన్నాను. అయితే ఆ ముక్క ఎక్కడుంటుందనేది ఫోల్డర్ పేరు పొడవును బట్టి ఉంటుంది. ఒకచోట ఎడమ చివర, ఇంకోచోట మధ్యలో. పాత బాణం మాత్రం ఎప్పుడూ ఒక్కచోటే ఉండేది. చెయ్యి చూడకుండానే అక్కడికి వెళ్లేది. విస్టాతో పోయింది ఆ చోటు. పైగా కీబోర్డు మీద బ్యాక్‌స్పేస్ కొడితే ఎక్స్‌పీలో పై ఫోల్డర్ వచ్చేది. విస్టాలో అదే మీట అంతకుముందు చూసిన ఫోల్డర్‌కి తీసుకుపోవడం మొదలుపెట్టింది.

జనం అడిగారు. 2009లో విండోస్ 7 వచ్చింది, అందులోనూ బాణం లేదు. ఆ ఏడాదే ఐవో బెల్చెవ్ అనే ప్రోగ్రామర్ క్లాసిక్ షెల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేశాడు. అది చేసిన పనుల్లో ఒకటి, ఎక్స్‌ప్లోరర్‌లో ఆ పైకి వెళ్లే బటన్ తిరిగి పెట్టడం. చివరికి 2011 ఆగస్టులో, విండోస్ 8 తయారవుతున్నప్పుడు, బాణాన్ని మళ్లీ తెస్తున్నామని మైక్రోసాఫ్ట్ వాళ్లే ప్రకటించారు. 2012 అక్టోబరులో అది వచ్చింది. ఒక చిన్న బాణం ఇంటికి రావడానికి ఐదేళ్లు దాటింది.

ఆ ప్రకటనలోనే వాళ్లు కొన్ని లెక్కలు బయటపెట్టారు. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లంతా గోడకు అంటించుకోవాల్సిన లెక్కలవి. జనం ఎక్స్‌ప్లోరర్‌లో చేసే పనుల్లో 81.8 శాతం కేవలం పది ఆదేశాలతోనే జరిగిపోతున్నాయి. ఆ ఆదేశాలను ఎక్కడినుంచి ఇస్తున్నారని చూస్తే, 54.5 శాతం రైట్ క్లిక్ మెనూ నుంచి, 32.2 శాతం కీబోర్డు నుంచి. కళ్లెదుట అంత స్థలం ఆక్రమించుకుని కూర్చున్న టూల్‌బార్ నుంచి 10.9 శాతమే. కారణం కూడా వాళ్లే చెప్పారు. జనం ఎక్కువగా వాడే ఆ పదింటిలో టూల్‌బార్ మీద ఉన్నవి రెండే! పేస్ట్ చెయ్యాలనుకున్నవాడికి టూల్‌బార్ మీద పేస్ట్ లేదు.

దానికి మందుగా రిబ్బన్ తెచ్చారు. ఆఫీస్ 2007లో వచ్చిన వెడల్పాటి పట్టీనే ఫైళ్ల కిటికీకీ కట్టారు. దాదాపు 200 ఆదేశాలు అందులో సర్దారు. తొలి బొమ్మలు చూసి చాలామంది పెదవి విరిచారు. చిన్న కిటికీకి ఇంత తలపాగా ఎందుకు, ఫైళ్లు కనిపించే చోటు తగ్గిపోతోంది కదా అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, విన్నారు కూడా. విండోస్ 8 విడుదలయ్యేనాటికి రిబ్బన్ ముడుచుకునే వచ్చింది, కావాలనుకున్నవాళ్లు విప్పుకునేవాళ్లు.

తర్వాత కథ 2021 అక్టోబరు 5న మొదలైంది. విండోస్ 11 రిబ్బన్‌ని మొత్తంగా తీసేసింది. దాని చోట సన్నటి పట్టీ, కొన్ని బొమ్మలు, పక్కన మూడు చుక్కలు. అప్పుడు మళ్లీ గొడవ, రిబ్బన్ ఏమైందని! పదేళ్ల కిందట వద్దన్నవాళ్లే ఇప్పుడు కావాలంటున్నారని, జనానికి ఏది ఇచ్చినా సణుగుడు తప్పదని కొందరు తేల్చేశారు. నేను ఆ మాట ఒప్పుకోను. 2011లో వద్దన్నదీ 2021లో కావాలన్నదీ ఒకే సంగతి. అలవాటైన చోటు నుంచి పనిముట్టుని కదపొద్దని రెండుసార్లూ అడిగారు. మధ్యలో పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్లలో రిబ్బన్ మీద ఎక్కడ ఏముందో చేతులు నేర్చుకున్నాయి. నేర్చుకోవడమంటే కష్టపడటమే. ఆ కష్టానికి ఎవరూ జీతం ఇవ్వలేదు.

మార్పు దగ్గరగా ఎలా ఉంటుందో ఒక చోట చూశాను. తెనాలిలో రిజిస్ట్రారు ఆఫీసుకి దగ్గర్లో ఒక డీటీపీ సెంటరు ఉంది. దాన్ని నడిపే ఆవిడ పేజ్‌మేకర్ రోజుల నుంచీ ఈ పనిలోనే ఉన్న మనిషి. 2022లో పాత కంప్యూటరు మూలనపడితే కొత్తది కొన్నారు, అందులో విండోస్ 11. నేను వెళ్లినప్పుడు ఒక పెద్దాయన పొలం కాగితాలు స్కాన్ చేయించుకుంటున్నాడు. "అమ్మా, పదకొండింటికల్లా ఆఫీసులో ఇవ్వాలమ్మా" అంటున్నాడు. స్కాన్ అయిన ఫైలుకి యంత్రం పెట్టే పేరు అంకెల తోరణం. దాన్ని తీసేసి ఆయన పేరు, సర్వే నంబరు పెట్టాలి. ఆవిడ రైట్ క్లిక్ చేసి కీబోర్డు మీద ఎం అక్షరం నొక్కింది. పాత విండోస్‌లో రైట్ క్లిక్ తర్వాత ఎం నొక్కితే రీనేమ్. మెనూలో ఆ మాటకింద గీత గీసి ఉన్న అక్షరం అదే. కొత్త మెనూలో ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కింది. "ఒక్క నిమిషం బాబాయ్, ఇక్కడ ఉండాల్సింది ఇక్కడ లేదు" అంటూ మెనూ అంతా వెతికింది. రీనేమ్ అనే మాట ఎక్కడా లేదు. ఒక అంచున వరసగా చిన్న చిన్న బొమ్మలున్నాయి. కత్తెర సరే, చెత్తబుట్ట సరే. ఒక పెట్టె, అందులో ఏ అక్షరం, పక్కన నిలువు గీత. అదీ రీనేమ్! ఆ బొమ్మ మీద మౌస్ బాణం కాసేపు ఆపితేగానీ కింద పేరు రాలేదు.

అంతకంటే విచిత్రం ఇంకోటి. మెనూ కిందికి తెరుచుకుంటే ఆ బొమ్మల వరస పైన ఉంటుంది. తెర అడుగున ఉన్న ఫైలు మీద నొక్కితే మెనూ పైకి తెరుచుకుంటుంది, అప్పుడు వరస కిందికి పోతుంది. మౌస్‌కి దగ్గరగా ఉండాలని అలా చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ డిలీట్ బొమ్మ ఒకసారి పైన, ఒకసారి కింద ఉంటే రోజుకి వంద ఫైళ్లు చూసేవాళ్లు ప్రతిసారీ కళ్లతో వెతుక్కోవాల్సిందే.

ట్రెడిల్ ప్రెస్సుల్లో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్లు పని చేస్తుంటే చూసినవాళ్లకి ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. తెలుగు కేసులో వందలకొద్దీ గళ్లు. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ప్రతిదానికీ ఒక గడి. ఎడమచేతిలో స్టిక్, కళ్లు రాతప్రతి మీద. కుడిచెయ్యి మాత్రం గడిలోంచి గడిలోకి తనంతట తాను తిరిగేది. ఆ పనితనం అంతా ఏ అక్షరం ఎక్కడుందో చేతికి తెలిసి ఉండటంలోనే ఉంది. ఒక రాత్రి ఎవరో వచ్చి గళ్లు అందంగా సర్దేసి పోతే, పొద్దున్నే ఆ కంపోజిటరు మళ్లీ పిల్లబడిలో చేరినట్టే. ఫైళ్ల కిటికీలో టూల్‌బార్ సర్దేవాళ్లు చేస్తున్నది సరిగ్గా అదే. వాళ్లు అందాన్ని చూస్తారు, కొత్తగా వచ్చేవాణ్ణి తలుచుకుంటారు. ఇరవయ్యేళ్లుగా దాని మీద బతుకుతున్న మనిషి వాళ్ల బల్ల దగ్గర ఉండడు.

మార్చినవాళ్ల కష్టమూ చెప్పాలి. రైట్ క్లిక్ మెనూ ఇరవయ్యేళ్లలో అడవిలా పెరిగింది. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా అది తన పేరు అందులో దూర్చుకుంటూ పోయింది. కంప్రెస్ చేసే ప్రోగ్రామొకటి నాలుగు వరసలు, యాంటీవైరస్ రెండు వరసలు, వీడియో ప్లేయరు మరో రెండు. ఆ రద్దీలో కాపీ, పేస్ట్ ఎక్కడో అడుగున పడిపోయాయి. దాన్ని శుభ్రం చెయ్యాల్సిందే. నేనే మెనూ అడుగుదాకా దిగడానికి విసుక్కున్న రోజులున్నాయి. 2022లో ట్యాబులు వచ్చినప్పుడు మాత్రం ఎవరూ గొణగలేదు. ఎందుకంటే అవి కొత్తగా చేరాయి, ఉన్నదాన్ని తోసేయలేదు. అక్కర్లేనివాళ్లు వాటిని ముట్టుకోకుండా బతకొచ్చు. తేడా అంతా అక్కడే ఉంది.

బొమ్మల పక్కన మాటలు కావాలనేది నా గట్టి అభిప్రాయం. ఇంగ్లీషు పెద్దగా రాని మన ఊళ్లలో వేలమంది కట్, కాపీ, పేస్ట్ అనే మాటలను రూపంతోనే గుర్తుపట్టి పని నేర్చుకున్నారు. మీసేవలో, జిరాక్సు షాపులో, బడి ఆఫీసులో ఆ మాటలు తెలుగు మాటలంత సొంతమైపోయాయి. వాళ్ల దగ్గర్నుంచి మాట తీసేసి గీతల బొమ్మ చూపించడం సులువు చేసినట్టు కాదు. షేర్ బొమ్మ చూడండి, పెట్టెలోంచి బయటికి పోయే బాణం. ఎవరికి తెలుస్తుంది అది షేర్ అని? విండోస్ ఎక్స్‌పీలో ఈ తగువే లేదు. టూల్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి కస్టమైజ్‌లోకి వెళితే, బొమ్మల కింద మాటలు ఉంచాలా, కొన్నిటి పక్కనే ఉంచాలా, అసలు వద్దా అని అడిగేది. ఏ బటన్ కావాలి, ఏది వద్దు, ఏది ముందు, ఏది వెనక అన్నీ వాడేవాడి ఇష్టం. 2001 నాటి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన స్వేచ్ఛ అది. విండోస్ 11 పట్టీలో బటన్లు అటూ ఇటూ జరుపుకునే వీలు లేదు.

ఆ స్వేచ్ఛ ఇచ్చి చక్కగా బతుకుతున్న సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. 1986లో జాన్ సోచా రాసిన నార్టన్ కమాండర్‌లో ఎఫ్5 నొక్కితే కాపీ, ఎఫ్6 నొక్కితే వేరే చోటికి తరలింపు, ఎఫ్7 కొత్త ఫోల్డర్, ఎఫ్8 తుడిచివేత. 1993లో స్విట్జర్లాండ్‌కి చెందిన క్రిస్టియన్ గిస్లర్ మొదలుపెట్టిన టోటల్ కమాండర్ ఆ మీటలనే ఉంచుకుంది. ఈనాటికీ అవే. నలభయ్యేళ్ల కిందట నేర్చుకున్నవాడు ఇప్పుడు దాని ముందు కూర్చున్నా తడుముకోడు. దాని బటన్ల పట్టీని ఎవరికి కావాల్సినట్టు వాళ్లు కట్టుకోవచ్చు. లినక్స్ వైపు 2012లో నాటిలస్ అనే ఫైల్ మేనేజరు కిటికీని రెండుగా చీల్చి చూపించే వసతిని తీసేసింది. ఆ ఏడాదే లినక్స్ మింట్ వాళ్లు పాతదాని కోడ్ తీసుకుని నీమో పేరుతో సొంతంగా నడుపుకోవడం మొదలుపెట్టారు. సోర్స్ కోడ్ చేతిలో ఉన్నవాళ్లకి ఆ దారి ఉంది. డీటీపీ సెంటరు ఆవిడకి లేదు.

ఆవిడకి ఉన్నది ఒక్క నోరే. దాన్ని తక్కువగా చూడకూడదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఎం అక్షరం లాంటి మీటలు 2023లో కొత్త మెనూలోకి తిరిగి వచ్చాయి. బొమ్మల కింద కట్, కాపీ, రీనేమ్ అనే మాటలు 2024లో వచ్చాయి. బాణం సంగతి ముందే చెప్పాను. మూడింటిలోనూ సణిగినవాళ్లదే సరైన మాట అని తయారుచేసినవాళ్లే చివరికి చేతలతో ఒప్పుకున్నారు. బాణానికి ఐదేళ్లు, మెనూకి రెండేళ్లు, మూడేళ్లు. ఆ సంవత్సరాలన్నీ కోట్లమంది చేతులు తడుముకుంటూ గడిపాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. ఇన్నాళ్లూ పాతదాంతో నెట్టుకొచ్చిన ఆఫీసులు, షాపులు ఇప్పుడు ఒక్కొక్కటిగా కొత్తదానిలోకి వస్తున్నాయి. మీరూ వాళ్లలో ఉంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ వస్తుంది. ఆల్ట్ పట్టుకుని పై బాణం మీట నొక్కితే పై ఫోల్డర్ వస్తుంది. ఇక చేతికి అలవాటైనది ఏదైనా కనిపించకపోతే, నాకే రావట్లేదేమో అని ఊరుకోకండి. విండోస్ మీటతోపాటు ఎఫ్ నొక్కితే ఫీడ్‌బ్యాక్ హబ్ తెరుచుకుంటుంది. బాగాలేదని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, ఏ బటన్ ఎక్కడుండేది, ఇప్పుడెక్కడుంది, దాంతో ఏ పని ఆగుతోంది అనే మూడూ రాయండి. మీ షాపులో పనిచేసే పిల్లలతోనూ రాయించండి.