మరమ్మతు బాధ్యత

1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ ఒక ముద్రణాలయంలోని తేమను అదుపు చేయడానికి రూపొందించిన సాధనం నేడు ఏసీగా మధ్యతరగతి ఇళ్ళలోకి కూడా ప్రవేశించింది. యంత్రం ఉన్నచోట మరమ్మతు తప్పదు. ఆ మరమ్మతే సక్రమంగా లేకపోతే బాధ్యత ఎవరు వహించాలి?

ఈ ప్రశ్న నాకు రెండేళ్ళ కిందట విజయవాడలో, రోళ్ళు పగిలే రోహిణీకార్తెలో ఎదురైంది. హృద్రోగంతో బాధపడుతున్న మా అమ్మ గదిలోని ఏసీ చల్లదనాన్ని ఇవ్వడం మానింది. ఒక దుకాణం నుండి వచ్చిన యువకుడు అరగంటలో గ్యాసు నింపి, 2,500 రూపాయలు తీసుకొని వెళ్ళాడు. పన్నెండు రోజులకే మళ్ళీ వేడిగాలి మొదలైంది. ఆ రాత్రి అమ్మ మెడకు తడిగుడ్డ చుట్టుకొని తెల్లవార్లూ కూర్చొనే ఉంది. దుకాణదారుకు ఫోను చేస్తే, "గ్యాసు అయిపోయి ఉంటుందండీ, మళ్ళీ నింపుకోవాలి" అన్నాడు.

మరునాడు అనుభవజ్ఞుడైన మరొక మెకానిక్‌ను పిలిపించాను. ఆయన గొట్టాలలోకి నత్రజని వాయువును పంపి, అతుకులపై సబ్బునురుగు పూశాడు. ఒకచోట బుడగలు లేచాయి.

"వాడేకొద్దీ తరిగిపోవడానికి ఇది పెట్రోలు కాదు బాబూ! మూసిన గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే" అన్నాడు.

ఆ అతుకును సరిచేసి, పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను తొలగించి, ఆ తరువాతనే గ్యాసును తూచి నింపాడు. రోగమూలం తెలుసుకోకుండా మందిచ్చే వైద్యునికీ, లోపం వెదకకుండా గ్యాసు నింపే పనివానికీ భేదమేముంది? పైగా అలా కారిన వాయువు భూతాపాన్ని కూడా పెంచుతుంది.

రసీదులతో దుకాణానికి వెళ్ళాను. "కుర్రవాడి తప్పండీ, వాడి జీతంలో కోస్తాను" అన్నాడు యజమాని. ఆ యువకుడు తల వంచుకొని, "రోజుకు పది ఇళ్ళు తిరగాలి సార్. నత్రజని సిలిండరు మాకు ఇవ్వలేదు" అన్నాడు. పనిముట్టు ఇవ్వక, వ్యవధి ఇవ్వక, నింద మాత్రం పనివానిపై మోపడం న్యాయమా?

రుసుము తీసుకొని సేవ అందించినవారే ఆ సేవకు జవాబుదారులు. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇలాంటి సేవాలోపంపై రెండేళ్ళలోగా జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఈ మాట చెప్పి, నా సొమ్ము ఆ యువకుని జీతం నుండి కాక దుకాణం నుండే రావాలని పట్టుబట్టాను. కొంత వాదన జరిగిన పిమ్మట యజమాని గల్లాపెట్టె తెరిచాడు.

2,500 రూపాయలు పెద్ద మొత్తం కాకపోవచ్చు. "పోనీలే" అనుకొని ఊరుకునేవారే ఎక్కువ. కాని మనం వదిలిన ప్రతి లోపం మరొక ఇంటి తలుపు తడుతుంది. రసీదు అడగడం, చెడిపోవడానికి కారణం అడగడం వినియోగదారుని ధర్మం. కారణం కనుగొని సరిచేయడం పనివాని ధర్మం. అతనికి తగిన పనిముట్లు, వ్యవధి కల్పించి, లోపం జరిగినప్పుడు ముందు నిలవడం యజమాని ధర్మం. ఈ మూడింటిలో ఏది లోపించినా మరమ్మతు అసంపూర్ణమే.