పుస్తకంలో లేని జ్వరం

ఏడో తరగతికి పరిశుభ్రత పాఠం. డెంగీ ఉంది, మలేరియా ఉంది, మన అండమాన్ జ్వరం మాత్రం లేదు. 1980ల చివర్లో ఇక్కడ వానలు తగ్గి కోతలకొచ్చే రోజుల్లో మనుషులు జ్వరంతో, దగ్గితే రక్తం పడుతూ పోయారు. ఏమిటో తెలియక ‘అండమాన్ హెమరేజిక్ ఫీవర్’ అన్నారు. తర్వాత తేలింది, అది లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన బురదనీళ్లలో ఉండి, గీరుకున్న చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది.

చెప్పులు విప్పి కాళ్లు చూసుకోమన్నాను. వెనక బెంచీల్లో సగం మందికి గీతలూ, పగుళ్లే! ఆ తర్వాత పాఠం దానంతటదే నడిచింది.

2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ‘హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు’ చేసి, ఆరో తరగతి నుంచి చెప్పమని 11 అంశాలిచ్చారు. (అంబాసిడర్ అనగానే స్టాఫ్‌రూమ్‌లో తెల్లకారు జోకులు.) అంశాలు మంచివే. కానీ నాన్‌కౌరీ దీవుల్లో బోదకాలు తెచ్చే దోమ పగలు కుడుతుంది, చెట్టు తొర్రల్లో నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. అక్కడి పిల్లలకి బోదకాలు రాకుండా రాత్రి దోమతెర కట్టుకోమని చెబితే ఏం లాభం? దీవులకి దీవుల పాఠం రాసుకోవాల్సిందే.

వచ్చేవారం వక్క. క్యాన్సర్ కారకమని డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ సంస్థ 2004లోనే తేల్చేసింది. పెరట్లో పోకచెట్లే ఇంటి ఆదాయమైన పిల్లలకి, వాళ్ల నాన్నని తిట్టినట్టు కాకుండా ఎలా చెప్పాలి? టీచర్లెవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి.