చేతిలో నాడి దొరకనప్పుడు



కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు సంఘాన్ని శరీరంతో పోల్చాడు. ఏ అవయవం బాధా దాని ఒక్కదానిదే కాదని నేర్పించాడు. ఆ బోధ ఎంత లోతైనదో ఒక జబ్బు గురించి తెలుసుకున్నాక మాకు మరింత అర్థమైంది.

జపాన్ దేశంలో మికితో తకయాసు అనే కంటి డాక్టరు ఉండేవారు. 21 ఏళ్ల ఒక అమ్మాయి కంటి లోపల రక్తనాళాలు దండలా చుట్టుకుని ఉండటం చూసి, ఆ సంగతి 1908లో ప్రచురించారు. అలాంటి కళ్లే ఉన్న మరి కొందరు రోగులకు మణికట్టు దగ్గర నాడి దొరకడం లేదని తోటి డాక్టర్లు ఇద్దరు గమనించారు. కంటికీ చేతికీ ఏమిటి సంబంధం? అసలు జబ్బు ఆ రెండింటిలోనూ లేదని తర్వాత తేలింది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం గోడల్లో, దాని కొమ్మల్లో వాపు వస్తుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ శక్తే సొంత నాళాల మీద తిరగబడుతుంది. గోడలు మందమై దారి ఇరుకైతే పై అవయవాలకు రక్తం చాలదు. దీన్ని తకయాసు ఆర్టరైటిస్ అంటారు, నాడి దొరకని జబ్బు అని కూడా అంటారు.

ఇది ఎక్కువగా 40 ఏళ్లలోపు స్త్రీలకు వస్తుంది. మన దేశంలోనూ ఉంది. కిడ్నీకి వెళ్లే నాళం ఇరుకైతే చిన్న వయసులోనే బి.పి. పెరుగుతుంది. గుండెకు రక్తమిచ్చే నాళమైతే ఛాతీలో నొప్పి, ఊపిరితిత్తులదైతే ఆయాసం. మూలం ఒకచోట, మూలుగు ఇంకోచోట.

మన సంఘంలో ఒక సహోదరికి ఈ జబ్బు ఉంది. ఆమె అనుమతితోనే రాస్తున్నాము. తల దువ్వుకుంటే ఆమె చెయ్యి లాగేది. కలుపుకు వెళితే కాసేపటికే చెయ్యి ఆడేది కాదు. సాయంత్రాలు సన్నని జ్వరం. బయటికి ఏమీ కనిపించదు కాబట్టి కొందరు బద్ధకమన్నారు, కొందరు దిష్టి అన్నారు, దాచుకున్న పాపమేదో ఉందన్నవారూ ఉన్నారు. చివరికి ఒక వైద్య శిబిరంలో నర్సమ్మ ఎడమ చేతికి బి.పి. అందక కుడి చేతికి చూస్తే చాలా ఎక్కువ ఉంది. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపారు. స్కానింగ్‌లో జబ్బు బయటపడింది.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ లెక్కనే ఒప్పుకోలేదు. మరి మనమెందుకు ఆ లెక్క వేయాలి?

ప్రియులారా, ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ఈ జబ్బుకు ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. వాటితో ముఖం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది. ప్రార్థన అయ్యాక, స్వస్థత వచ్చేసింది, ఇక మాత్రలు మానెయ్యమ్మా అని ఆమెకు కొందరు ప్రేమతోనే చెప్పారు. దయచేసి ఎవరికీ అలా చెప్పకండి. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే బి.పి. పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, వాపు తిరగబెట్టవచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగానే తగ్గించాలి. హిజ్కియా రాజు కన్నీటి ప్రార్థన దేవుడు విన్నాడు. స్వస్థత వాగ్దానం చేశాక కూడా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద వేయమని యెషయా చెప్పాడు. ప్రార్థన విన్న దేవుడే ఆ మందునూ వాడుకున్నాడు. మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు.

మీ ఇంట్లో ఆడపిల్లకు విడవని నీరసం, చెయ్యి లాగడం, కళ్లు తిరగడం, చిన్న వయసులో బి.పి. ఉంటే రెండు చేతులకూ బి.పి. చూపించండి. రెండింటికీ బాగా తేడా ఉన్నా, నాడి అందకపోయినా ఆలస్యం చేయకుండా పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక ఆ సహోదరి విషయం. ఆమె నీళ్ల బిందె ఎత్తలేదు. పక్కింటివారు ఎత్తవచ్చు. నెలనెలా ఆసుపత్రికి తోడు కావాలి. స్త్రీల కూటమివారు వంతులు వేసుకోవచ్చు. ఆమె చేతికి రక్తం చాలనప్పుడు మన చేతులున్నాయి. ఒకే శరీరమంటే మాకు అర్థమైనది ఇదే.

ప్రభువు మిమ్మును బలపరచును గాక. ఆమేన్.