ఖాళీ సీసా తిరిగొచ్చేంత దూరం

మా పర్చూరులో 'షోడా' అంటాం. ఎవరైనా 'సోడా' అని స్పష్టంగా పలికారంటే, ఏ ఉద్యోగం మీదో బదిలీ అయి వచ్చినవాళ్లన్నమాట. ఉప్పు షోడా, నిమ్మకాయ షోడా, సుగంధి షోడా, కలరు షోడా... పేర్లు ఎన్నయినా సీసా మాత్రం ఒక్కటే. ఆకుపచ్చగా, బరువుగా, మెడలో గోలీ ఇరుక్కుని ఉండే మందపాటి గాజుసీసా. కల్లంలో మిరపకాయల ఘాటుకి దగ్గి దగ్గి గొంతు పట్టేసినవాళ్లకీ, పత్తి బోరేల మీద కూర్చుని చిలకలూరిపేట దాకా వెళ్లొచ్చినవాళ్లకీ, పెళ్లి భోజనం నాలుగు ముద్దలు ఎక్కువై ఆయాసపడేవాళ్లకీ అదే మందు.

ఆ షోడా పట్టే యంత్రం మా పెదనాన్నకి ఉండేది. ఇనుప చట్రంలో నాలుగు సీసాలు బిగించి, తలుపు మూసి, చక్రం పిడి పట్టుకుని గిరగిరా తిప్పేవారు. పక్కనే గ్యాసు సిలిండరు. సీసా తలకిందులు కాగానే గోలీ మెడలోకి జారుతుంది. లోపలి గ్యాసు ఒత్తిడి దాన్ని అక్కడున్న రబ్బరు ఉంగరానికి అదిమిపెడుతుంది. అంతే, ఇక మూతతో పని లేదు. లోపలున్న గాలే దానికి తాళం! అప్పుడప్పుడూ ఒక సీసా ఢామ్మని పేలేది. ఆ ఇనుప చట్రం అందుకే. ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన 1872లో ఈ సీసాకి పేటెంటు తీసుకున్నాడు. తాగేటప్పుడు గోలీ అడ్డం పడకుండా మెడ దగ్గర రెండు నొక్కులు పెట్టిందీ ఆయనే. ఆ నొక్కులు ఎటువైపున్నాయో చూసుకోకుండా సీసా ఎత్తి, చొక్కా మీద పోసుకున్న కొత్త అల్లుళ్లని చాలామందిని చూశాను.

ఈ సంగతులన్నీ ఇప్పుడెందుకంటే, జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్న సెలవుల్లో వచ్చి, అక్కడి బీరు కుటుంబాల గురించి చెప్పుకొచ్చాడు. తరతరాలుగా ఒకే ఇంటివాళ్లు, ఒకే ఊళ్లో, చుట్టుపక్కల నాలుగు ఊళ్లకి సరిపడా బీరు చేసుకుంటూ బతుకుతున్నారట. "మనకెందుకు లేవు మామయ్యా అలాంటివి?" అన్నాడు. (నాకు బీరు రుచి తెలియదు. తెలిసినా ఆదివారం పూట పిల్లలు చదివే పేజీలో చెప్పను.) బీరు సంగతి సరే, అలాంటి కుటుంబాలు మనకి లేకపోవడమేమిటి? ఉన్నాయి. కాకపోతే వాళ్లు చేసింది షోడా.

అసలు షోడా పుట్టిందే బీరు పీపా మీద. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే ఫాదరీ ఇల్లు ఒక బీరు బట్టీ పక్కన ఉండేది. బీరు పులుస్తుంటే తొట్టి మీద తేలే గాలిలో నీళ్ల పాత్ర వేలాడదీసి చూశాడాయన. నీళ్లకి చురచురలాడే రుచి వచ్చింది. 1772లో ఆ పద్ధతిని చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఆయన దాంతో పైసా సంపాదించలేదు. సంపాదించినవాడు జర్మనీలో పుట్టి జెనీవాలో స్థిరపడ్డ గడియారాల పనివాడు, జాకబ్ ష్వెప్. 1783లో షోడా వ్యాపారం పెట్టాడు. ష్వెప్స్ పేరు అదే.

ఇక మన దగ్గర బీరు వంశాలు పుట్టకపోవడానికి వేరే లెక్కలు ఎందుకు, చట్టం ఒక్కటి చాలు. మన కోస్తా జిల్లాలు ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1948 అక్టోబరు 2 నాటికి ఆ రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చేసింది. ఆ తర్వాత సారా మీద నెల్లూరు ఆడవాళ్ల పోరాటం, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు మనందరికీ గుర్తున్నవే. ప్రభుత్వం మారితే మూతపడే సరుకుని నమ్ముకుని తాత మనవడికి అప్పగించగలడా? షోడాకి ఆ బెంగ లేదు. గుడి ముందు అమ్మొచ్చు, బడి ముందు అమ్మొచ్చు.

అలా నిలబడ్డ ఇల్లు రామచంద్రపురంలో ఉంది. ద్రాక్షారామం వెళ్లేవాళ్లకి తెలిసిన ఊరే. 1919లో అద్దూరి రామచంద్రరాజు, ఆయన సోదరుడు జగన్నాథరాజు అక్కడ షోడా కంపెనీ పెట్టారు. ఒక తెల్లదొర వాడి వదిలేసిన యంత్రం సంపాదించి, విడిభాగాలు ఇంగ్లండు నుంచి తెప్పించుకుని మొదలుపెట్టారని ఆ వైపు చెప్పుకుంటారు. మూత తీయగానే బుస్సుమని పొంగే నీళ్లని చూసి మొదట్లో జనం జడుసుకున్నారనీ అంటారు. చాలాకాలం అది రాజుగారి డ్రింకు. 1955లో 'ఆర్టోస్' అయింది. గోదావరి జిల్లాల్లో ఆ పేరు తెలియని ఇల్లు ఉండదు.

నేను దాన్ని మొదటిసారి తాగింది ఎనభైల్లో, బంధువుల పెళ్లికి అటు వెళ్లినప్పుడు. విడిదింట్లో పెట్టెలకి పెట్టెలు దించారు. నేను కుర్రతనం కొద్దీ "గోల్డ్ స్పాట్ లేదా?" అని అడిగాను. పెళ్లికూతురి మేనత్త కాబోలు, గ్లాసు నా చేతిలో పెట్టి, "ముందిది తాగండి బాబూ, ఆనక ఆ మాట అందురుగాని" అంది. తాగాక అడగలేదు. దాని మీద ఆవిడకున్న ధీమా చూస్తే, కంపెనీలో వాటా ఉందేమో అనుకున్నాను. వాటా ఏమీ లేదు, ఆ ఊరి మనిషి, అంతే.

అంత మంచి సరుకు రెండు వందల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న మా పర్చూరుకి ఎందుకు రాలేదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తర్వాత మా పెదనాన్న లెక్కలు గుర్తొచ్చాక తెలిసింది. షోడా వ్యాపారంలో పెట్టుబడి షోడా కాదు, సీసా. నీళ్లు బావిలోవి, గ్యాసు ఎంతో కాదు, ఉప్పు, నిమ్మకాయ ఊళ్లోవే. సీసా మాత్రం కొనాలి. అది వెళ్లి, ఖాళీ అయి, తిరిగొచ్చి, కడిగించుకుని, మళ్లీ వెళ్లాలి. అలా ఎన్నిసార్లు తిరిగితే అంత లాభం. తిరిగి రాకపోతే షోడాతో పాటు సీసా కూడా ఊరికే ఇచ్చినట్టే. కాబట్టి ఖాళీ సీసాని ఎంత దూరం నుంచి కిట్టుబాటుగా వెనక్కి తెచ్చుకోగలమో అంతవరకే మన రాజ్యం.

పెదనాన్న రాజ్యం ఇటు ఇంకొల్లు, అటు మార్టూరు. ఏడాదికి ఒక్కసారి మాత్రం కోటప్పకొండ. శివరాత్రికి ఊళ్లనుంచి ప్రభలు కదిలితే వెనక ట్రాక్టర్‌లో మా షోడాలు కదిలేవి. రాత్రంతా జాగారం చేసే జనం, ఎగుడుదిగుడు దారులు, దుమ్ము... అమ్మకానికి లోటేముంది! ఒక ఏడు నలభై డజన్ల సీసాలు తీసుకెళ్లారు. చీకట్లో నింపినవి నింపినట్టే చెల్లిపోయాయి. తెల్లారి లెక్క చూస్తే ఇరవై ఆరు డజన్లు ఉన్నాయి. తక్కినవి గోలీల కోసం పిల్లలు పగలగొట్టినవి కొన్ని, ఏ బండిలోనో ఎక్కి వాళ్ల ఊరు వెళ్లిపోయినవి కొన్ని. "ఏందన్నా, బాగా ఆడిందిగా ఈ ఏడు!" అని పక్కకొట్టు ఆయన అంటే, పెదనాన్న నవ్వారు. అంత బాగా ఎప్పుడూ ఆడలేదు, అంత నష్టమూ ఎప్పుడూ రాలేదు.

నేనీ కథ చెబుతుంటే మేనల్లుడు మధ్యలోనే అందుకున్నాడు. జర్మనీలో అచ్చం ఇదే లెక్కట. బీరు పెట్టెలో అర లీటరు సీసాలు ఇరవై ఉంటాయి. సీసాకి ఎనిమిది సెంట్లు, పెట్టెకి ఒకటిన్నర యూరో... మొత్తం 3 యూరోల 10 సెంట్లు ముందే డిపాజిట్ కింద తీసుకుంటారు. ఖాళీలు తెచ్చిస్తే తిరిగిచ్చేస్తారు. చాలా కంపెనీలు ఒకే రకం సీసా వాడతాయి కాబట్టి ఎవరి సీసాని ఎవరైనా కడిగి నింపుకోవచ్చు. ఒక్కో సీసా పదులసార్లు తిరుగుతుంది. ఆ దేశంలో ఇప్పటికీ దాదాపు 1,500 బీరు కంపెనీలున్నాయంటే, జనం తాగుడొక్కటే కారణం కాదనిపించింది నాకు. దూరం నుంచి వచ్చే పెద్ద కంపెనీకి ఖాళీలు మోసుకెళ్లడం భారం, పక్కూరివాడికి సులువు.

ఆ వైపు కెల్‌హైమ్ అనే ఊళ్లో ష్నైడర్ కుటుంబం ఉంది. వాళ్ల కథ మేనల్లుడు చెబుతుంటే మా ఇంట్లో ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. 1516లో అక్కడి దొరలు, బీరులో బార్లీ, హాప్స్ పూలు, నీళ్లు తప్ప వేరే ఏదీ వాడకూడదని శాసనం చేశారు. గోధుమ బీరు చేసే హక్కు మాత్రం తర్వాత్తర్వాత రాచకుటుంబం దగ్గరే ఉండిపోయింది. 1872లో మ్యూనిక్‌లో గేయోర్గ్ ష్నైడర్ అనే ఆయన ఆ హక్కు సంపాదించాడు. మన గోలీ సీసా ఏడాదే! ఆయన కొడుకూ గేయోర్గే, మనవడూ గేయోర్గే. అలా ఇప్పటికి ఆరో గేయోర్గ్ దాకా వచ్చింది. మనం తాతల పేర్లు పెట్టుకోమూ, అలాగే. 1905లో మూడో గేయోర్గ్ చిన్న వయసులో పోతే, ఆయన భార్య మటిల్డ కంపెనీని చేతుల్లోకి తీసుకుంది. 1907లో ఆమె తెచ్చిన అవెంటీనుస్ అనే బీరు నేటికీ అమ్ముడుపోతోంది. 1944లో బాంబులకి మ్యూనిక్‌లోని బట్టీ ధ్వంసమైతే, అంతకుముందే కొనిపెట్టుకున్న కెల్‌హైమ్ బట్టీకి మారిపోయారు.

"మటిల్డ లాంటి ఆవిడ మనింట్లో లేకనా?" అంది మా ఆవిడ. నిజమే, మా పెద్దమ్మ సీసాలు కడగడం నుంచి చిల్లర దుకాణాల పద్దుల దాకా అన్నీ చూసుకునేది. కానీ మా ఇంట్లో వచ్చిన చిక్కు వేరు. మాకు వాటాలొచ్చాయి. పొలం మూడు ముక్కలు చేశారు, పశువుల్ని పంచుకున్నారు, ఇంటికి అడ్డగోడ పెట్టారు. యంత్రాన్ని మూడు ముక్కలు చేయలేరు కదా! అది పెదనాన్నకే వదిలేశారు. దానికి బదులుగా ఆయన ఎకరం తగ్గించుకున్నారు. పత్తి మంచి ధర పలుకుతున్న రోజులవి. ఎకరం వదులుకుని ఇనప సామాను పుచ్చుకున్నాడని ఊరంతా నవ్వారు. ఆయన మాత్రం, "పత్తికి పురుగు పడుద్ది, షోడాకి పడదు" అనేవారు.

పురుగు ఇంకో రూపంలో వచ్చింది. 1977లో దేశం విడిచి వెళ్లిన కోకాకోలా 1993లో తిరిగొచ్చింది. వస్తూనే థమ్సప్, గోల్డ్ స్పాట్, లిమ్కాలని కొనేసింది. నేను విడిదింట్లో అడిగిన గోల్డ్ స్పాట్ ఆనక అంగళ్లలో కనబడకుండా పోయింది. 1889 నుంచి బొంబాయిలో ఉన్న డ్యూక్స్‌ని 1994లో పెప్సీ తీసుకుంది. మా ఊళ్లోనూ పెద్ద డ్రింకుల కంపెనీవాళ్లొచ్చి దుకాణాలకి ఫ్రిజ్‌లిచ్చారు. షరతు ఒక్కటే, అందులో వాళ్ల సీసాలే ఉండాలి. చల్లటి డ్రింకు దొరుకుతుంటే నీళ్ల తొట్టిలో పెట్టిన గోలీ షోడా ఎవరికి కావాలి? ఆ తర్వాత ప్లాస్టిక్ సీసా వచ్చి అసలు లెక్కనే మార్చేసింది. తాగి పారేయడమే, తిరిగి రావలసిన పనే లేదు. దూరం అన్నమాటే పోయింది.

మరి ఆ దెబ్బకి ఆర్టోస్ ఎలా తట్టుకుంది? తెలుగువాడి అభిమానం అని కొందరు రాస్తారు. అభిమానం మా పెదనాన్న మీదా ఉంది, ఏం లాభం? రాజుగారి సీసా మీద పేరుంది, పెదనాన్న సీసా మీద లేదు. వాళ్ల చేతిలో ఒక ప్రాంతమంతా ఉంది, మాకు నాలుగు ఊళ్లు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి తరంలోనూ ఆ ఇంట్లో ఎవరో ఒకరు అక్కడే ఉండి చూసుకున్నారు. 2019లో ఆ కంపెనీకి నూరేళ్లు నిండాయి. కాలాన్నిబట్టి వాళ్లూ ప్లాస్టిక్ సీసాలోకి దిగారు, దూరాలకీ వెళుతున్నారు. తమిళనాడులో 1916లో పళనియప్ప నాడార్ మొదలుపెట్టిన కాళీమార్క్ వాళ్ల బొవొంటో కూడా ఇలా నిలబడ్డదే. సూరత్‌లో హజూరీల సోస్యో 2023లో సగం వాటా రిలయన్స్‌కి ఇచ్చింది. అమ్ముకున్నవాళ్లని నేను తప్పుపట్టను. ఎంత దాకా లాగగలరో లాగేవాళ్లకే తెలుస్తుంది.

మా పెద్దన్నయ్య కొంతకాలం లాగాడు. పెదనాన్న పోయాక రెండు వేసవులు చక్రం తిప్పాడు. పిల్లలిద్దరూ చదువులకి హైదరాబాదు వెళ్లారు, భుజం నొప్పి మొదలైంది. 1999లో యంత్రాన్ని తూకానికి అమ్మేశాడు. ఈమధ్య గోలీ సోడా మళ్లీ కొత్త ముస్తాబుతో వస్తోందనీ, విదేశాలకి కూడా పంపుతున్నారనీ మేనల్లుడు చెబితే, "అక్కడినుంచి సీసాలెట్టా తెచ్చుకుంటార్రా?" అన్నాడు అన్నయ్య. అవి తెచ్చుకోరని చెప్పినా నమ్మలేదు.

లోపలికెళ్లి పెట్టెలోంచి పెదనాన్న చేతి రాతతో ఉన్న సీసాల పద్దు తెచ్చి చూపించాడు. ఊరు, దుకాణం, ఇచ్చినవి, వచ్చినవి. చాలా పేజీలు కొట్టివేసి ఉన్నాయి. ఇంకొల్లు బస్టాండు దగ్గరి టీ కొట్టు మాత్రం అలాగే ఉంది. పద్నాలుగు సీసాలు రావాలి.