హోల్డరు చూసి టిప్పు కొనాలి

రాజాంలో ఒక లేతు షాపుకు వెళ్లేసరికి చక్‌లో రైసు మిల్లు షాఫ్టు బిగించి ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చిన ఊరిది. ధాన్యం, జనపనార మిల్లులున్న ప్రాంతంలో అరిగిన షాఫ్టుకూ పగిలిన పుల్లీకీ మొదటి ఆసరా ఇలాంటి షెడ్డులే.

కుర్రాడు షాఫ్టు కొసను ఫేసింగ్ చేస్తున్నాడు. ముఖమంతా నున్నగా వచ్చింది గానీ సరిగ్గా నడుమ చిన్న బుడిపె మిగిలిపోయింది. మేస్త్రీ లేతు ఆపించాడు.

“ఏటిరా, నడుమ ఆ బుడిపె ఉండిపోనాది?”

“టిప్పు కొత్తదే మేస్త్రీ, ఇప్పుడే మార్చాను.”

“టిప్పు కొత్తదే. ఆ హోల్డరుది కాదు.”

కోసే టిప్పును పట్టి ఉంచే ఆ హోల్డరు డీఎన్‌ఎంజీ 150608 టిప్పు కోసం చేసింది. కుర్రాడు పెట్టింది 150408. రెండూ 55 డిగ్రీల కోణంతో, ఒకే పొడవుతో, కవల పిల్లల్లా ఉంటాయి. తేడా అంతా మందంలోనే: ‘06’ అంటే 6.35 మిల్లీమీటర్లు, ‘04’ అంటే 4.76. పాత టిప్పుతో సెంటరు ఎత్తు కుదిర్చి, ఆ తర్వాత పలుచనిది పెట్టేసరికి కొస 1.59 మిల్లీమీటర్లు కిందికి దిగింది. షాఫ్టు నడుమ మూడు మిల్లీమీటర్లకు పైగా వ్యాసమున్న బుడిపె కోతకు అందకుండా పోయింది. కింద రేకు ముక్క పెట్టి టూలును లేపవచ్చు. కానీ గూడు లోతుకు తగని టిప్పు బిగింపును నమ్మలేం. హోల్డరు ఒప్పుకుంటే టిప్పు కింది షిమ్‌ను మందమైనదానితో మార్చాలి, లేదా అసలు టిప్పే తేవాలి.

చిన్న షాపుల్లో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే అని నాకు గట్టిగా అనిపించింది. టిప్పు నాసిరకమని తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు జోడీయే తప్పు.

నిజానికి జోడీ వివరమంతా హోల్డరు మీదే ఉంటుంది. పీసీఎల్‌ఎన్‌ఆర్ 2020కె12 అని ఉందనుకోండి. ‘పీ’ అంటే రంధ్రంలోంచి లీవరుతో బిగించేది, ‘సీ’ అంటే 80 డిగ్రీల టిప్పు, ‘ఎల్’ అంటే 95 డిగ్రీల కోత కోణం, ‘ఎన్’ అంటే టిప్పు పక్కలకు వాలు లేనిది, ‘ఆర్’ అంటే కుడిచేతిది. కాడ 20 బై 20, పొడవు 125 మిల్లీమీటర్లు, చివరి 12 టిప్పు అంచు కొలత. దానికి సీఎన్‌ఎంజీ 1204 టిప్పు సరిపోతుంది. టిప్పు నంబరు చివర వచ్చే 08 అంటే కొస గుండ్రదనం 0.8 మిల్లీమీటర్లు. అది పనిని బట్టి మారుతుంది గానీ హోల్డరును బట్టి కాదు.

పక్కలకు వాలు లేని టిప్పు ఇనుమును రాసుకోదా? రాసుకోకుండా హోల్డరే దాన్ని కొద్దిగా ముందుకు వంచి పట్టుకుంటుంది. అందుకే తిరగేసి కూడా వాడుకోవచ్చు, నాలుగు కొసలు దక్కుతాయి. సీసీఎంటీ టిప్పుకు 7 డిగ్రీల వాలు దానిలోనే ఉంటుంది. స్క్రూతో బిగుస్తుంది, రెండు కొసలే వస్తాయి, కానీ తేలిగ్గా కోస్తుంది. వణికే పాత లేతు మీద, సన్నని షాఫ్టు మీద, చిన్న రంధ్రం బోరింగులో నాలుగు కొసల లాభం చూసుకోకుండా దీన్నే ఎంచుకోవాలి. దానికి ఎస్‌సీఎల్‌సీఆర్ హోల్డరు వేరే కావాలి. ఒకదాని గూట్లో మరొకటి కూర్చోదు.

ఈ టిప్పులు చేసే టంగ్‌స్టన్ కార్బైడును కోబాల్టుతో కలిపి జర్మనీలో క్రుప్ కంపెనీ 1926లో విడియా పేరుతో బజారుకు తెచ్చింది. మన టర్నర్లు ఇప్పటికీ విడియా బిట్టు అంటారు. కాడకు అతికించిన ఆ బిట్టును గ్రైండరు మీద పదును పెట్టుకునేవారు. ఇప్పటి టిప్పుకు ఆ శ్రమ లేదు గానీ, అంకెలు చదివే ఓపిక కావాలి. ఐటీఐల్లో పదును పెట్టడం నేర్పినంత శ్రద్ధగా ఈ అంకెలు చదవడమూ నేర్పాలి.

మేస్త్రీ కుర్రాడి చేత విశాఖకు పంపాల్సిన చీటీ రాయించాడు. మొదట హోల్డరు నంబరు, తర్వాత టిప్పు నంబరు, ఆపైన షిమ్ మందం. చివర టిప్పు ఏ లోహానికో చెప్పే రంగు: ఈ షాఫ్టుకు ఉక్కు కాబట్టి నీలం, రేపు రాబోయే పోత ఇనుప పుల్లీకి ఎరుపు.